నాన్న చెరపని కేసెట్

మా చిన్నప్పుడు... నాన్న చేతికి కేసెట్ దొరికిందంటే దాని పని అయిపోయినట్టే. దుమ్ముగూడెం దారిలో మాకు మైక్ సెట్ దుకాణం ఉండేది. కేసెట్ అంచున రెండు చిన్న గుంటలుండేవి, గుర్తుందా... వాటిలో కాగితం ఉండలు కుక్కితే చాలు, పాతది చెరిగి కొత్తది రికార్డవుతుంది. అమ్మ ప్రాణంగా చూసుకునే సినిమా పాటల మీద ఎవరో సారు సన్మాన సభను ఎక్కించిన ఘనుడు మా నాన్న.

హైదరాబాద్‌లో చదివే అన్న సెలవులకు వచ్చి, వెళ్తూ వెళ్తూ ఒక కేసెట్ నాకిచ్చాడు. హాస్టల్లో ఉంచితే మాయమవుతుందని భయం. విదేశాల్లో పేరు మోసిన ఇద్దరు రాక్ గిటారిస్టులట... ఎవరి బ్యాండు వాళ్లకుండగా, ఇద్దరూ కలిసి చేసిన ప్రయోగమట.

"వీళ్లు పాట కడితే లోకం ఎగబడి వింటది. అయినా ఇందుల ఒక్క పాట గూడ లేదు" అన్నాడు, అదేదో గొప్ప సంగతైనట్టు. "నాయిన చేతికి మాత్రం చిక్కనియ్యకు. మళ్ల దొరకదు."

వడ్ల గుమ్మి వెనక దాచాను. అయినా ఏం లాభం... ఖాళీ కేసెట్లు అయిపోయిన రోజున అది నాన్న కంట పడనే పడింది.

ఆ రోజు అడవి లోపలి ఊళ్లో పెళ్లి. తమ డోలు చప్పుడు, తమ భాషలో పెళ్లి పాటలు రికార్డు చేసిమ్మని పెళ్లివాళ్లు ముందే అడిగారు. నేనూ నాన్న వెంట వెళ్లాను. ఇప్పచెట్టుకు మైకు హారన్ కట్టి, నాన్న సంచిలోంచి కేసెట్ తీశాడు. అన్న నాకిచ్చినదే... గుంటల్లో కాగితం ఉండలు అప్పటికే కుక్కేసి ఉన్నాయి.

"నాయినా, అది అన్నది."

"వానికి వేరేది కొనిస్త తియ్ బిడ్డా. పెండ్లోళ్లకు మాటిచ్చిన."

నాకు ఏడుపొక్కటే తక్కువ.

రికార్డు చేసే ముందు టేపు నలిగిందేమోనని కాస్త విని చూడటం నాన్న అలవాటు. మీట నొక్కాడు. హారన్‌లోంచి ఒకటే మోత... పాట లేదు, తాళం లేదు. నాన్న ముఖం మాడిపోయింది.

"ఎర్తింగ్ పోయినట్టున్నది. జల్దీ నీళ్లు తే."

మైకులో మోత వస్తే, భూమిలో పాతిన ఎర్తు కడ్డీ మొదట్లో నీళ్లు పోయడం ఆయన వైద్యం. బిందె తెచ్చాను, పోశాడు. తగ్గలేదు. ఇంకో బిందె పోశాడు. మోత ఇంకా పెరిగింది... విదేశీ సంగీతానికి మా నాన్న నీళ్లతో చికిత్స చేస్తున్నాడని నాకూ అప్పుడు తట్టలేదు.

అంతలో ఆ మోతలోంచి ఒక గిటారు లేచింది. ఒక్క స్వరమే... సాగి సాగి, చెట్ల మీదుగా వెళ్లి, గుట్టకు తగిలి తిరిగొచ్చింది. దాని వెనకే రెండో గిటారు. డోళ్లు బిగిస్తున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. పందిట్లో పిల్లలు పరుగెత్తుకొచ్చి హారన్ కింద చేరారు. నా ఒళ్లంతా జలదరించింది. భయమో, సంతోషమో ఇవాళ్టికీ తెలియదు. మాట అన్నది లేకుండా ఇంత చెప్పొచ్చా అనిపించింది...

నాన్న అనుమానంగా టేపు ఆపాడు. మోతా ఆగింది.

"మిషన్ల గాదు... కేసెట్లనే ఉన్నది" అని గొణిగాడు.

పెళ్లికొడుకు నానమ్మ అరుగు మీంచి అడిగింది, "ఎందుకాపినవ్ అయ్యా? రానియ్యి."

నాన్న మళ్లీ మీట నొక్కి, కేసెట్‌లో ఆ పక్క అయిపోయేదాకా ఖాళీ బిందె పట్టుకుని అలాగే నిలబడి విన్నాడు.

ఈలోగా పెళ్లి పాటలకు ఆడవాళ్లు వరస కట్టారు. ఇక రికార్డు చేయాల్సిందే. నాన్న కేసెట్ బయటికి తీసి, పిన్నీసుతో కాగితం ఉండలు పీకేసి, దాన్ని నా చేతిలో పెట్టాడు. సంచి అడుగు నుంచి ఇంకోటి తీశాడు. అది ఆయన పద్యాల కేసెట్... ఏదో జాతరలో ఎవరో పాడుతుంటే తనే రికార్డు చేసుకున్నది, రోజూ దుకాణం తెరవగానే వినేది.

"అవి పోతయి గదా నాయినా?"

"అవి నాకు నోటికొచ్చు బిడ్డా. దీన్ని ఎట్ల యాదికుంచుకుంటం?"

మొన్న అన్న ఆ ఆల్బం లింకు ఫోన్‌కు పంపాడు. కళ్లు మూసుకుని మొత్తం విన్నాను, మళ్లీ ఒళ్లు జలదరించింది. ఇప్పుడు ఒకటి దాచుకోవాలంటే ఇంకోటి చెరపనక్కర్లేదు, అన్నీ దొరుకుతాయి... నాన్న పద్యాలు తప్ప. ఆయన ఉన్నన్నాళ్లూ పొద్దున్నే అవి పాడుకుంటూ షట్టర్ ఎత్తేవాడు. మేమెవరమూ నేర్చుకోలేదు.

మీ ఇంట్లోనూ మీకోసం తమ పాట వదులుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా... ఉంటే కింద రాయండి, ఒక్కొక్కటే చదువుకుంటాను.