ఉన్ని సాక్సు తాగిన రంగు

వెల్లింగ్టన్‌లో గాలి లేని రోజు అరుదు. అలాంటి రోజున హార్బర్ నీళ్లు కదలకుండా పడుకుంటాయి, ఊరంతా ఎవరి కలలోనో ఉన్నట్టుంటుంది. నేను ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, ఒక కన్ను ఆ నీళ్ల మీద, ఒక కన్ను ఫోన్ మీద పెట్టుకుని అక్క కోసం ఎదురుచూస్తున్నాను.

యూనివర్సిటీలో ఎవరైనా కొత్తది కనిపెడితే దానికి పేటెంట్ తీయించి, కంపెనీలకు లైసెన్సు ఇప్పించడం నా పని. ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లు రారు. వచ్చినా "పెద్దదేం కాదు" అనే మొదలుపెడతారు. అందుకే నేనే ల్యాబులు తిరిగి పట్టుకొస్తాను.

ఈ అక్క కూడా అలా దొరికిందే, సొంత అక్క కాదు. ఆమెది వరంగల్. ఇక్కడే పీహెచ్‌డీ చేసి, అదే ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. బట్టలకు రంగులు వేసే ఫ్యాక్టరీల మురికి నీళ్లను ఉన్నితో శుభ్రం చేసే ఫిల్టర్ తయారుచేసింది. ఆమె వచ్చి కూర్చున్నాక, ఇది ఎలా తట్టిందని అడిగితే ఆమె చూపు ఎటో వెళ్లిపోయింది.

"ఫ్లాట్‌ల కొత్త చున్నీ నానబెట్టిన. ఎరుపంతా దిగింది. అండ్ల ఉన్ని సాక్సు ఒకటి పడ్డది, నేను చూస్కోలె. పొద్దుగాల లేచి చూస్తే నీళ్లు తేటగున్నయ్. సాక్సేమో పెండ్లికూతురు లెక్క ఎర్రగైంది."

నేను పేటెంట్ ఫారం తెరిచి, కనిపెట్టినవాళ్ల పేరు రాసే చోట ఆగాను.

"మా ప్రొఫెసర్ పేరు ముందు రాయి. నాది కింద" అంది అక్క.

"ఆయనేం చేశాడు?"

"గైడ్ కదనే. పేపర్ రాస్తే సార్ పేరు పెట్టమా?"

పేపర్‌లో మర్యాద నడుస్తుంది. పేటెంట్‌లో ఆలోచన ఎవరిదో వాళ్ల పేరే ఉండాలి. ఊరికే ఇంకో పేరు కలిపితే, రేపెవరైనా సవాలు చేసినప్పుడు మొత్తం పేటెంటే పోవచ్చు. నాకు మండింది.

"పెళ్లి కార్డు కాదక్కా, పెద్దల పేర్లన్నీ పైన వేయడానికి. ఆగు, ఆయనకే కాల్ చేస్తా."

"ఫోన్ కింద పెట్టు. నీకు నోరు ముందు, బుర్ర ఎన్క." తర్వాత మెల్లగా అంది. "నా వీసా అయిపోవస్తుంటే ఆయనే ఆఫీసుల చుట్టూ తిరిగిండు. ఇప్పుడు నా ఒక్కదాని పేరే రాస్తే ఏమనుకుంటడు?"

నా కోపం దిగిపోయింది. "అయితే నువ్వే అడుగు" అన్నాను.

ఇద్దరం నీళ్ల ఒడ్డుకు నడిచాం. అక్క తన ఫోన్ స్పీకర్‌లో పెట్టి, తడబడుతూ విషయమంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వాడు.

"నేనా? తడి ఉన్ని వాసన భరించలేక కిటికీలు తెరిచాను, అంతే. అది కనిపెట్టింది ఎవరు?"

దూరంగా ఒక ఫెర్రీ చప్పుడు లేకుండా జారిపోతోంది. అది కొండ చాటుకు వెళ్లేదాకా చూసి, అక్క ఫోన్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

"నేనే" అంది, తెలుగులో.

ఆయనకు అర్థం కాలేదు. అక్క ఇంగ్లీషులో మళ్లీ చెప్పింది, ఈసారి కొంచెం గట్టిగా.