కొసరు

వీధి చివర బండి మీద కూరలమ్మే ఆవిడని అందరూ తక్కెడమ్మ అనేవారు. ఒక్క పూటలో ఆవిడ తక్కువమ్మ అయిపోయింది. కారణం గుప్పెడు మట్టి. వాన వెలిసిన రోజు తక్కెడని నేల మీద పెట్టింది. కూరలు వేసే పళ్ళెం అడుగున బురద అంటుకుని ఎండిపోయింది. టైలరు భార్యకి వంకాయలు తేలిగ్గా అనిపించి, పళ్ళెం తిరగేసి పదిమందికీ చూపించింది. ఆ మట్టి తిన్నగా వచ్చి తక్కెడమ్మ నోట్లోనే పడింది.

"చూసుకోలేదమ్మా, ఒట్టు" అంది. చూసుకోనివాళ్ళూ అదే అంటారు, చూసి ఊరుకున్నవాళ్ళూ అదే అంటారు. అక్కడే వచ్చింది చిక్కు.

బేరాలు పడిపోయాయి. మిగిలిపోయిన టమాటాలు పూటపూటా తినలేక మొగుడు మొహం మాడ్చుకునేవాడు. ఆ బండి తప్ప వాళ్ళకి మరో ఆధారం లేదు, పేరు పోతే బండి పోయినట్టే. పోయిన పేరు మంచితనంతో తిరిగొస్తుందనుకుంది పిచ్చిది. కొసరు మొదలుపెట్టింది. కిలో బెండకాయల మీద గుప్పెడు, ఆ గుప్పెడు మీద ఇంకో నాలుగు. అడక్కపోయినా వేసేది, వద్దన్నా వేసేది.

జనం కొసరు సంచిలో వేసుకుని, నాలుగడుగులు నడిచాక నోరు విప్పేవారు.

"ఇంత కొసరేస్తోందంటే, ఇన్నాళ్ళూ ఎంత నొక్కేసిందో చూడు వదినా."

"తప్పు చేసినవాళ్ళకే అంత వినయం."

ఆ మాట ఆవిడ చెవిన పడనే పడింది. ఒళ్ళు మండిపోయింది. మర్నాడు టైలరు భార్య తూకం అయ్యాక కూడా సంచి తెరిచి పట్టుకుని నిలబడింది.

"ఏంటమ్మా అలా చూస్తున్నావ్?"

"కొసరు?"

"కొసరూ లేదు, గిసరూ లేదు. నా తూకం తూకమే. నమ్మితే తీసుకో, లేకపోతే పక్కకి జరుగు. వెనక వాళ్ళున్నారు."

వెనక ఎవరూ లేరు. టైలరు భార్య తెల్లబోయి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా వీధిలో కొత్త మాట తిరిగింది: "మనసులో దొంగతనముంటే అంత పొగరెక్కణ్ణుంచొస్తుంది?" కొన్నాళ్ళకి వెనక వాళ్ళు నిజంగానే ఉన్నారు.

అప్పట్నించి తక్కెడమ్మ నవ్వడం మానేసింది. విసుక్కుంటే నిజాయితీ, కసురుకుంటే మరీ నిజాయితీ.

అందరూ మొహం చాటేసిన రోజుల్లో కూడా మానకుండా వచ్చి కొన్నది మూలింటి పెద్దమ్మ ఒక్కతే. ఒకరోజు ఆవిడ పావుకిలో వంకాయలు తీసుకుని, "రెండు పచ్చిమిరపకాయలు వెయ్యవే తల్లీ" అంటూ చెయ్యి చాపింది.

తక్కెడమ్మ చెయ్యి మిరపకాయల దాకా వెళ్ళింది. వరసలో ఉన్నవాళ్ళంతా ఆ చేతినే చూస్తున్నారు.

"కొసరు లేదు పెద్దమ్మా."

"అవున్లే, మర్చిపోయాను" అంది పెద్దమ్మ, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

"చూశావా, ఎవరికైనా ఒకటే న్యాయం. బంగారంలాంటి మనిషి" అంది టైలరు భార్య పక్కావిడతో.

"కబుర్లాపి ముందుకు రండి" అని కసిరింది తక్కెడమ్మ.