నాలుగో పిల్ల యాడ అని అడిగిన అక్క

మొన్న మంగళవారం పొద్దున్నే ఏంబలం నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు నాతో పనిచేసిన అక్కకి తమ్ముడి కూతురు చేసింది. "అత్త పొయినాది మామా. కష్టపడలేదు, నిద్రలోనే," అంది. వెళ్ళాను. చివరి చూపు చూసుకుని వచ్చాను. రెండు రోజులు ఏ పనీ తోచలేదు. ఈ నాలుగు ముక్కలూ మాత్రం ఏడుస్తూ రాయడం లేదు. ఆమె గెలిచిన సంగతి ఒకటుంది. ఓడిపోయింది నేను గనక, అది చెప్పాల్సింది కూడా నేనే.

ఎనభైల నడుమ, సముద్రం ఒడ్డున ఒక తమిళ పట్నంలో మాట. లాస్‌పేటలో ఒక అద్దె మేడ మీద మాది ఆరుగురి కంపెనీ. యంత్రాలను నడిపే కంట్రోల్ పెట్టెలు తయారుచేసేవాళ్ళం. నేను యానాం నుంచి కొత్తగా దిగిన ప్రోగ్రామర్ని, కళ్ళు నెత్తి మీద ఉన్న వయసు. అక్క పక్క పల్లె ఏంబలంలో రైతుల ఇంటి ఆడపడుచు. ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు, కానీ చదువంతా తమిళంలో సాగడం వల్ల ఆమెకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. రోజూ బస్సు దిగి వచ్చి, టిఫిన్ డబ్బా కిటికీలో పెట్టి, చెవి మీద పెన్సిల్ దోపుకుని పనికి కూర్చునేది.

ఆమె పనేమిటో చెప్పాలి. నేను రాసిన ప్రోగ్రామును కంపైలర్ యంత్రానికి అర్థమయ్యే సంకేతాల్లోకి మార్చి కాగితాల నిండా అచ్చు వేసేది. ఎఫ్5, సి5, డి5, ఇలాంటివి రెండు వేల పైచిలుకు. వాటిని కంప్యూటర్ నుంచి నేరుగా చిప్పులోకి పంపే వసతి మాకు లేదు. అక్క ఒక్కొక్కటీ చూసి, చిన్న మీటల పలక మీద కొట్టి చిప్పులోకి ఎక్కించేది. ఒక్కటి తప్పితే చిప్పును ఊదారంగు దీపం కింద పెట్టి చెరపాలి, మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి.

కొడుతూ కూనిరాగంలా పైకి చదివేది. "ఏంటక్కా, పాటా?" అని ఏడిపించాను ఒకసారి.

"సుమ్మా ఉండు తమ్ముడూ. రాగం తప్పితే నంబరు తప్పినట్టే," అంది తల ఎత్తకుండా.

"ఆయ్, అలాగేనండీ."

"ఆయ్ అంట! మీ యానాములో పిల్లకాయల్ని ఇట్లనే నిద్రపుచ్చుతారా ఏంది?"

ఇంకో రోజు తనంతట తానే చెప్పింది. "ఈ కాయితాల్లో నలుగురు ఆడపిల్లకాయలు ఉండారు తమ్ముడూ. ఎఫ్, సి, డి, ఇ. వచ్చేటప్పుడు అందరికీ ఇనీషియల్ అయిదు. పోయేటప్పుడు ఆఖర్న వచ్చింది ముందు పోతాది, ఇనీషియల్ మారి ఒకటి అవతాది. వచ్చినోళ్ళందరూ పొయినారా లేదా అని పెన్సిల్‌తో గీత పెట్టుకుంటా. ఎక్కువ తక్కువ అయితే నేను తప్పు కొట్టినట్టు కణక్కు."

కణక్కంటే తమిళంలో లెక్క. నేను పగలబడి నవ్వాను. నవ్వానే గానీ ఆమె ఎంత సరిగ్గా చూసిందో ఒక్క మాట చెప్పలేదు. అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెబుతాను. ప్రాసెసర్‌కి రిజిస్టర్లు చేతుల్లాంటివి. మా పెట్టెలో ఉన్నదానికి అవి ఏడే. లెక్క చేతుల్లో ఉండగా మధ్యలో గడియారమో మీటో పిలిస్తే, చేతిలోవి స్టాక్ అనే చోట ఒకదాని మీద ఒకటి దించాలి. పిలిచిన పని చూసుకుని, పైనుంచి ఒక్కొక్కటే తిరిగి ఎత్తుకోవాలి. దించే ఆజ్ఞలు ఆ నాలుగు అయిదులు. ఎత్తుకునే ఆజ్ఞలు ఆ నాలుగు ఒకట్లు. ఎవరూ నేర్పకుండా అక్క స్టాకును కాగితం మీద కనిపెట్టేసింది.

వైతికుప్పం చేపల పడవలకి ఐసు వేసే ఫ్యాక్టరీ ఒకటి మా పెట్టెను పెట్టుకుంది. కంప్రెసర్‌ను ఎప్పుడు నడపాలో, ఎప్పుడు ఆపాలో అదే చూసుకునేది. ఏడాదిపాటు నిక్షేపంగా నడిచింది. తర్వాత మాకు కొత్త కంపైలర్ వచ్చింది. నేను సంబరంగా పాత ప్రోగ్రామును దానితో మళ్ళీ తయారుచేశాను, అక్క కొత్త చిప్పు కొట్టింది, తీసుకెళ్ళి బిగించి వచ్చాం. అంతే, పెట్టెకి పిచ్చెత్తింది. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు ఉన్నట్టుండి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఐసు సగమే గడ్డకట్టేది. పడవలవాళ్ళు చేపలతో వచ్చి, ఐసు లేదని చూసి తిట్టేవాళ్ళు.

మూడోసారి ఆగాక ఐసు ఫ్యాక్టరీ మేనేజరు మా మేడ ఎక్కి వచ్చాడు. మా ముదలాళి, అంటే కంపెనీ యజమాని, నా వైపు చూశాడు. నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో గానీ వచ్చేసింది: "ప్రోగ్రాం ఏడాదిగా నడుస్తున్నదే కదండీ. కీ కొట్టడంలో తప్పు పడి ఉంటుంది."

అక్క అక్కడే ఉంది. మేనేజరు, "అయితే ఆ పిల్లను మార్చండి," అని తమిళంలో తేల్చేశాడు. ముదలాళి కూడా తల ఊపాడు. ఆమె జీతం మీద నడిచే ఇల్లు ఆమెది. అంతకన్నా, తప్పు కొట్టిందనే మాట ఆమెకి చెంపదెబ్బ.

అక్క ఏడవలేదు. "ఒక దినం ఇయ్యండి. చిప్పులో ఉండేదీ కాయితంలో ఉండేదీ పక్కన పక్కన చదివి చూపిస్తా. తమ్ముడు ఎదురుగా కూర్చోవాల," అంది.

మర్నాడు కూర్చున్నాం. ఆమె చిప్పులోంచి చదువుతుంటే నేను కాగితం మీద వేలు జరుపుతూ పోయాను. సాయంత్రం నాలుగింటికి ఆఖరు సంకేతం కూడా సరిపోయింది. రెండు వేల పైచిలుకులో ఒక్క తప్పు లేదు. అక్క పెన్సిల్ తీసి ఒక కాగితం మధ్యలో గుండ్రంగా గీసింది.

"నా కణక్కు అయిపొయినాది. ఇప్పుడు నీది. ఆ పిల్లకాయలు వచ్చే చోట్లు నాలుగు ఉండాయి. మూడిట్లో నలుగురూ వస్తా ఉండారు. ఈడ ముగ్గురే. నాలుగో పిల్ల యాడ?"

అది సి5, బి, సి అనే రెండు రిజిస్టర్ల జతను దించే ఆజ్ఞ. నేనే తీసేశాను. ఒకచోట సి5, ఒకచోట సి1, రెండు బైట్లు ఆదా చేశానని అప్పట్లో కాలరెగరేసి తిరిగాను కూడా. "అది కావాలనే తీశానక్కా. ఆ జతను అక్కడ ఎవరూ వాడరు," అన్నాను.

"ఎవురు చెప్పినారు వాడరని?"

"పాత కంపైలర్ ఇచ్చిన కాగితం చూసే తీశాను."

"ఇది కొత్తది ఇచ్చిన కాయితం కదా తమ్ముడూ. ఎప్పుడు చూసినావు?"

చూడలేదు. అప్పుడు చూశాను. పాత కంపైలర్ లెక్కించే సంఖ్యలన్నీ మెమరీలోనే పెట్టేది. కొత్తది తెలివైనది, వేగం కోసం వాటిని రిజిస్టర్లలోకి తెచ్చుకుంది. ఎక్కడికి? సరిగ్గా నేను దించకుండా వదిలేసిన ఆ బి, సి జతలోకి. అసలు ప్రోగ్రాం ఆ జతలో లెక్క పట్టుకుని ఉన్నప్పుడు గడియారం పిలిస్తే, గడియారం పని చూసే నా ప్రోగ్రాం ముక్క వచ్చి దాని మీదే తన లెక్క రాసేసి పోయేది. ఆ రెండూ ఒకే క్షణంలో తగలడం అరుదు. అందుకే రెండు మూడు రోజులకొకసారి ఆ పిచ్చి.

సిగ్గుతో చచ్చిపోయాను. అలాగే లేచి ముదలాళి గదిలోకి వెళ్ళి, తలుపు తెరిచే ఉంచి, అందరికీ వినపడేలా, "తప్పు నాదండీ. పట్టుకున్నది అక్క," అన్నాను. జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. అంతకు ముందురోజు చేసిన దాన్ని మాత్రం అది చెరపలేదు.

ఆ రెండు బైట్లు చేరిస్తే ఆ తర్వాతవన్నీ చోటు జరుగుతాయి. మళ్ళీ మొత్తం అచ్చు వేసి, మొత్తం కొట్టాలి. నేను నసుగుతుంటే అక్క కాగితాలు లాక్కుంది. "తప్పు నీది, వేళ్ళు నావి. జరుగు," అంది. కొట్టేసి, చేతులు దులుపుకుని, "ఇంక సుమ్మా, ఊరికే కొట్టను. ఏది ఏందో నాకు నేర్పు," అని హుకుం జారీచేసింది. నేర్పాను. ఆర్నెల్లు తిరక్కుండా కంపైలర్ ఇచ్చిన కాగితం ఆమె కళ్ళ కింద నుంచి వెళ్ళకుండా మా కంపెనీలో చిప్పు బయటికి పోయేది కాదు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు, "మెషీన్ మొరాయిస్తోంది మేడమ్," అంటే, "మొరాయించిందని చెప్పబాకు, యాడ మొరాయించిందో చెప్పు," అని తరిమేది. ఈ రోజుకీ ఏ కోడ్ చూసినా నాకు ఆ గొంతే వినపడుతుంది. నా అన్నం ఆమె పెట్టిందే.

కొత్త చిప్పు బిగించాక తొమ్మిది రోజులు పెట్టె ఒక్కసారి కూడా ఆగలేదు. పదో రోజు పొద్దున మమ్మల్నందరినీ ఫ్యాక్టరీకి పిలిచారు. గొలుసుతో పొడుగాటి డబ్బాను పైకి లాగి, నీళ్ళలో ముంచి, వంచారు. నిండా గడ్డకట్టిన ఐసు దిమ్మ సర్రున నేల మీదికి జారింది. మేనేజరు మొహం వెలిగిపోయింది. నా భుజం తట్టి, "ఎవరు సరిచేశారు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అక్క ముందుకొచ్చింది. "నేనే సార్. మీరు మార్చమన్న పిల్లను," అంది.

ఆయన రెండు చేతులూ జోడించాడు. కూలీలు ఈల వేశారు. నేను చప్పట్లు కొట్టాను, అరచేతులు మండేదాకా. అక్క ఎవరినీ పట్టించుకోకుండా ఆ దిమ్మ దగ్గర కూర్చుని, రెండు చేతులూ దాని మీద ఆనించి, చలికి పళ్ళు కొట్టుకుంటున్నా నవ్వుతూ, తీయకుండా అలాగే ఉంచింది. తీసేసరికి ఐసులో రెండు చేతుల గుంటలు, పది వేళ్ళతో సహా, స్పష్టంగా దిగి ఉన్నాయి. కూలీలు కరగకుండా దాని మీద ఊక చల్లబోతే, "అట్లనే పోనీ," అంది. రిక్షా బండి ఆ దిమ్మను ఎక్కించుకుని, పొద్దుటి ఎండలో తళతళలాడే ఆ చేతులతో, వైతికుప్పం పడవల వైపు కదిలింది.