అన్నయ్య ఏరి కూర్చిన కంప్యూటర్

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోను తెచ్చి నా ముందు పెట్టి, తాను సొంతంగా బిగించుకోబోయే ఆటల కంప్యూటర్‌కి కావలసిన భాగాల జాబితా చూపించింది. దేనికి ఎక్కువ పెట్టాలో, దేని దగ్గర తగ్గించుకోవాలో నాకు పాఠం చెబుతూ చెబుతూ, లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై దగ్గర ఆగి, ఇది చవకది వేసేద్దామా నాన్నా అని అడిగింది. వద్దని అరిచినంత పని చేశాను. పాపం, పిల్ల బిత్తరపోయింది. కళ్లద్దాలు తుడుచుకునే వంకతో బాల్కనీలోకి వచ్చేశాను గానీ, తుడుచుకున్నది అద్దాలు కాదని నా వయసు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తొంభైల చివరి మాట ఇది. అప్పట్లో కంప్యూటర్ అంటే చెప్పులు గుమ్మం బయట విడిచి, చల్లటి గదిలోకి భక్తిగా వెళ్లి చూడవలసిన వస్తువని మీకూ గుర్తుండే ఉంటుంది. మా చోడవరంలో దాన్ని చూసినవాళ్లే తక్కువ, ముట్టుకున్నవాళ్లు ఇంకా తక్కువ. అలాంటి ఊళ్లో, విడిభాగాలు కొని తెచ్చి ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకోవచ్చని చెప్పిన మొదటి మనిషి మా అన్నయ్య. సొంత అన్నయ్య కాదు, మా పెదనాన్నగారి అబ్బాయి, నాకంటే ఆరేళ్లు పెద్ద. వాడి చిన్నతనంలోనే పెదనాన్న పోవడంతో మా ఇంట్లోనే పెరిగి, ఐటీఐ చదివి, బజారులో టీవీలు బాగుచేసే కొట్టులో పనికి కుదిరాడు. మాటలు తక్కువ, చేతి పని ఎక్కువ. పాడైన రేడియో వాడి ముందు పెడితే, డాక్టరు రోగి వీపు మీద చెవి పెట్టినట్టు కాసేపు విని, అప్పుడు స్క్రూ విప్పేవాడు.

వాడికి ఒకటే కోరిక. రోడ్డు వైపు ఖాళీగా పడున్న మా గదిలో కంప్యూటర్లు బిగించి అమ్మే కొట్టు పెట్టుకోవాలి. చుట్టుపక్కల చీడికాడ నుంచీ, రావికమతం నుంచీ జనం అక్కడికే వస్తారని వాడి నమ్మకం. మా నాన్న ఊరికే ఒప్పుకునే మనిషి కాడు. ముందు మనింట్లో ఒకటి బిగించి సూపించరా, ఈ ఏసవి గట్టెక్కిందంటే గది నీదే అన్నాడు. వాడి బతుకంతా ఆ ఒక్క పెట్టె మీదికి వచ్చి కూర్చుంది. నేనేమో డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. కార్ల పందేల ఆట ఒకటి విశాఖలో ఎవరింట్లోనో చూసి వచ్చినప్పటి నుంచి దాని పిచ్చిలో పడి, అన్నయ్య బతుకు కంటే నా ఆటే నాకు ముఖ్యమై, పెట్టె ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకునేవాణ్ణి.

భాగాలు ఏరడం ఎంత పనో ఇప్పటి పిల్లలకి తెలియదు. సబ్బవరం మీదుగా విశాఖ పోయే బస్సెక్కి, ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి, ద్వారకానగర్ సందుల్లో ఉన్న చిన్న చిన్న కొట్లకి నాలుగు ఆదివారాలు తిరిగాం. ప్రాసెసర్ చిన్నదైనా సరేనన్నాడు, హార్డ్ డిస్కు చిన్నదైనా సరేనన్నాడు, మానిటర్ ఎవరో వాడి వదిలేసింది తీసుకున్నాడు. అలా ప్రతి దాని దగ్గరా మిగుల్చుకున్నదంతా తెచ్చి, తెర మీద బొమ్మల్ని పరిగెత్తించే గ్రాఫిక్స్ కార్డులో పోశాడు. అద్దాల తలుపున్న అందమైన పెట్టె కావాలని నేను మారాం చేస్తే, ఆట ఆడేది కార్డురా, పెట్టి అందంగా ఉంటే ఏటి, నేకపోతే ఏటి అని నవ్వేశాడు. అన్నిటికంటే ఎక్కువ సేపు తిప్పలు పడింది మాత్రం పవర్ సప్లై కోసమే. కొట్టువాళ్లు విసుక్కుంటున్నా వినకుండా, ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని, కొబ్బరికాయ ఎంచుకున్నట్టు బరువు చూసి, నా చేతిలోనూ పెట్టి చూపించాడు.

"ఒరే, బరువుందంటే లోపల సరుకున్నట్టే. తేలిగ్గా ఉన్నదాన్ని ఎప్పుడూ నమ్మకు."

ఐదో కొట్టులో దొరికింది వాడికి నచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నిలబడడానికే చోటు లేదు, అయినా దాన్ని గుండెకి హత్తుకుని చోడవరం దాకా తెచ్చాడు. అంత చేసీ స్టెబిలైజర్‌కి డబ్బు చాల్లేదు. వచ్చే నెల తెద్దాం, అందాకా మోటార్లు ఆడతన్నప్పుడు దీని జోలికెళ్లకు, నీకు దండవెడతాను అని నిజంగానే చేతులు జోడించాడు. మా ఇల్లు ఊరి చివర, చెరకు తోటల పక్కన. వేసవిలో నీటి మోటార్లన్నీ ఒక్కసారి మొదలైతే ఇంట్లో బల్బు నిప్పుకణికలా ఎర్రబడిపోయేది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. మీలో పల్లెటూళ్లలో పెరిగినవాళ్లకి ఆ కరెంటు సంగతి నేను చెప్పాలా!

పెట్టె బిగించి మీట నొక్కగానే తెర వెలిగిన రోజు అన్నయ్య మొహం నాకింకా కళ్ల ముందే ఉంది. మా అమ్మ కుంకుమ పెట్టింది. నాన్న మర్నాడు ఆ రోడ్డు వైపు గదికి సున్నం వేయించాడు. ఆయన నోటితో చెప్పే రకం కాదు, సున్నం వేయించాడంటే ఒప్పుకున్నట్టే.

మూడు వారాలు బాగానే గడిచాయి. ఒక రోజు మధ్యాహ్నం అన్నయ్య టీవీల కొట్టుకి పోయాడు, నాన్న తోటలో ఉన్నాడు, అమ్మ పెరట్లో ఉంది. మోటార్లు ఆడుతున్నాయి. నేను ఉగ్గబట్టుకోలేకపోయాను. పెట్టె వెలిగిస్తే వెలిగినట్టే వెలిగి, దానంతట అదే ఆగిపోయి, మళ్లీ మొదలయ్యేది. టీవీ పక్కనున్న చిన్న స్టెబిలైజర్ మీద ముల్లు చూస్తే నూట ఇరవై వోల్టుల దగ్గరుంది. పెట్టె వెనక పవర్ సప్లైకి చిన్న ఎర్ర స్విచ్చి ఉంది, ఒక పక్క రెండు వందల ముప్ఫై, రెండో పక్క నూట పదిహేను. వచ్చే కరెంటు నూట ఇరవై అయినప్పుడు నూట పదిహేనులో పెడితే సరిపోయె, ఇంత తేలిక సంగతి అన్నయ్యకి తట్టలేదేంటి అనుకున్నాను! ఇంటర్లో ఫిజిక్సు మార్కులు బాగా వచ్చినవాణ్ణి కదా, ఆ పొగరు. స్విచ్చి జరిపాను. ఏం చెప్పమంటారు, బ్రహ్మాండంగా నడిచింది. తెర మీద బొమ్మ కాస్త ముడుచుకున్నా, కార్లు రివ్వున పరిగెత్తాయి. గంటసేపు ఆడాను. అన్నయ్య వచ్చాక ఈ కిటుకు చెప్పి మెప్పు పొందాలని కూడా అనుకున్నాను.

నాలుగింటికి మోటార్ల కరెంటు ఆపేశారు, ఇంట్లోకి వచ్చే కరెంటు ఒక్కసారిగా మళ్లీ రెండు వందల ముప్ఫైకి ఎగబాకింది. బల్బు ఒక్కసారి తెల్లగా వెలిగింది, ఫ్యాను గిర్రున తిరిగింది, పెట్టెలో ఫట్టుమని టపాకాయ పేలినట్టు చప్పుడైంది. పొగ, కమురు వాసన. ప్లగ్గు పీకేశాను. ఆ తర్వాత చేసిన పనికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. అమ్మ పెరట్లోంచి వచ్చేలోపు, గోటితో ఆ ఎర్ర స్విచ్చిని మళ్లీ రెండు వందల ముప్ఫై వైపు జరిపేశాను.

కబురందగానే అన్నయ్య సైకిలు మీద ఆదరాబాదరాగా వచ్చాడు. నాన్న కూడా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వాడు పెట్టె విప్పాడు, తాను ఏరి తెచ్చిన పవర్ సప్లై విప్పాడు, లోపల పగిలిపోయిన రెండు కెపాసిటర్లనీ చూశాడు, స్విచ్చి చూశాడు. మదర్‌బోర్డూ పోయింది, కార్డూ పోయింది. అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగలా గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నేనే జరిపాను అన్న ఒక్క మాట దాచేసుకున్నాను. వాడు తల దించుకుని స్క్రూలు మళ్లీ బిగించాడు.

"తప్పు నాదే సిన్నాన్నా. సవక సరుకు ఏసీసేను."

ఇంట్లో కంప్యూటరే నిలబెట్టలేనోడివి, ఊళ్లోవాళ్లవి ఏటి సేత్తావురా అని నాన్న కండువా దులుపుకుని లేచిపోయాడు. నెల తిరక్కుండా సున్నం వేసిన ఆ గదిని ఎరువుల కొట్టుకి అద్దెకిచ్చేశాడు. అన్నయ్య బజారులో పని కూడా మానేసి, గాజువాకలో కరెంటు కాంట్రాక్టరు దగ్గర తీగలు లాగే పనికి పోయాడు. బస్టాండు దాకా నేనే సంచి మోసుకెళ్లాను. ఒరే, అయిందేదో అయిపోయింది, నువ్వు మనసులో ఎట్టుకోకు, బాగా సదువుకో అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ బతికాను. టీవీలు విప్పేవాడికి అసలు సంగతి తెలియకుండా ఉంటుందా, తెలిసే నన్ను కాచాడు, క్షమించేశాడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత నేను చదివింది కంప్యూటర్ల చదువే, తింటున్నది ఆ తిండే. పెళ్లిళ్లలో, కర్మల్లో కలిసినప్పుడల్లా చెప్పేద్దామనుకునేవాణ్ణి. వాడు నా భుజం మీద చెయ్యేసి ఉద్యోగం ఎలా ఉందని అడిగేవాడు, నేను ఉద్యోగం కబుర్లే చెప్పి వచ్చేసేవాణ్ణి.

రెండేళ్ల క్రితం అన్నయ్య పోయాడు. గుండె ఆగిందన్నారు. పదకొండో రోజున భోజనాలయ్యాక వదిన వసారాలో కూర్చుని ఏవేవో తలుచుకుంటూ, మాటల్లో మాటగా అంది.

"పిల్లడు కంప్యూటర్ కొనమని ఎంత ఏడిసినా మీ అన్నయ్య దాని దగ్గరికే పోనిచ్చీవోరు కాదు బాబూ. నా సెయ్యి మంచిది కాదే, ఎంత బాగా ఏరి తెచ్చినా నేను ముట్టుకుంటే కాలిపోద్ది అనీవోరు."

అంటే వాడికి తెలియదు! స్విచ్చి సరైన వైపే ఉండడం చూసి, తన ఎంపికే తప్పనుకున్నాడు. బస్టాండులో నన్ను క్షమించలేదు, కంప్యూటర్ పోయిందని దిగులు పడకని చిన్న తమ్ముణ్ణి ఓదార్చాడంతే. ఐదు కొట్లు తిరిగి బరువు చూసి ఏరిన మనిషి, తన చెయ్యే చెడ్డదనుకుంటూ పోయాడు. ఆగలేక అక్కడికక్కడే వదినకి మొత్తం చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయనున్నప్పుడు సెప్పుంటే బాగుణ్ణు బాబూ," అంది.

ఇప్పుడు మా ఊళ్లో కరెంటు బాగానే ఉంటోంది. కంప్యూటర్లు బిగించే కొట్లు బజారులోనే రెండు మూడు వెలిశాయి, అన్నయ్య అన్నట్టే చీడికాడ నుంచీ, రావికమతం నుంచీ జనం వస్తున్నారు. ఊరెళ్లినప్పుడల్లా ఏదో ఒక కొట్టు ముందు ఆగి, లోపల స్క్రూలు తిప్పుతున్న చేతుల్ని చూస్తూ నిలబడిపోతాను. ఏం కావాలి సార్ అని వాళ్లు అడుగుతారు. మా అన్నయ్య చెయ్యి మంచిదేనయ్యా, చెడ్డ చెయ్యి నాది, అని చెప్పాలనిపిస్తుంది. ఎవరికి చెప్పను? వినాల్సినవాడు లేడు.