నా ఫోన్‌లో మాత్రమే ఉన్న బటన్

ఉదయగిరిలో నా పాఠం నెట్ రాక ఆగిపోయిందని కాలేజీలో నాతో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ చెబుతుంటారు. అబద్ధం. నెట్ ఆ రోజు బ్రహ్మాండంగా ఉంది.

మాది తెలుగు టైపింగ్ యాప్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా సరిదిద్దవచ్చు. ఆత్మకూరులో లెక్చరర్‌నైన నేను దాని సహాయ పేజీలు చూస్తుంటాను. మార్పులు పంపేవాళ్ళకు నియమాలు రాసిందీ నేనే: "ఫోన్‌లో చేసి చూడనిదే ఏదీ పంపకండి."

వింజమూరు టీచర్ సుజాత, "అక్కా, సహాయ పేజీలో నొక్కమన్న ఆకుపచ్చ బటన్ కొత్త యాప్‌లో లేదు" అని సవరణ పంపింది. నా ఫోన్‌లో చూశాను. ఉంది. "ముందు నియమాలు చదువుకోమ్మా" అని అందరూ చూసేచోటే రాసి తిప్పి పంపాను.

తర్వాత యాప్ వాడకం నేర్పడానికి ఉదయగిరి వెళ్ళాను. హాలు నిండా టీచర్లు. ఆ పేజీనే తెరపై వేసి, ఆకుపచ్చ బటన్ నొక్కమన్నాను.

"యాడుండాది మేడం?"

"కళ్ళు తెరిచి చూస్తే కనపడతాది. బడిలో పిల్లకాయలకు ఇట్టనే చెప్తారా?"

ముందు వరసలోని పెద్దాయన ఒకరు నా ఫోన్ అడిగి తీసుకున్నారు. "ఏందమ్మా, యాప్ అప్‌డేట్ చేసి ఎన్నాళ్ళయింది? మాకెవరికీ లేని బటన్ నీకే ఉండాదే!"

హాలంతా నవ్వు. వెనక వరసలో సుజాత మాత్రం నవ్వలేదు, తల దించుకుంది. నాకు అక్కడి నుంచి మాయమైపోవాలనిపించింది.

ఆ సాయంత్రమే ఆమె సవరణను పేజీలో చేర్చి, అందరూ చూసేచోటే క్షమాపణ రాశాను. "పర్లేదక్కా" అని కింద జవాబు రాసింది. అసలు మాట మాత్రం అడగలేకపోయాను.

నేను అంతమందిని తిడుతుంటే, తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు సుజాతా? నా పరువు పోతుందనా, చెప్పినా విననని అనుకున్నావా?