ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టిన దసరా

మా ఊరు సురంగల్‌లో మోటర్లు కాలబెట్టినవాళ్లున్నారు. ట్రాక్టరును తిన్నగా బావిలోకి తోలినవాడూ ఉన్నాడు. పూజ చేసి యంత్రాన్ని పడగొట్టింది మాత్రం నేనొక్కదాన్నే. ఆ ఘనకార్యం ఎట్లా జరిగిందో చెబుతాను, వినండి. నవ్వు వస్తే ఆపుకోకండి. ఆ రోజు నా బిడ్డ ఏడ్చిన ఏడుపుకు అదే పరిహారం.

నా పేరు అంజమ్మ. ఎకరన్నరలో బంతి, చామంతి, గులాబీ పెడతాను. మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన పోయిన వారానికే బోరు మోటరు స్టార్టరు కూడా ఆయన వెనకాలే పోయింది. మెకానిక్ కోసం మూడు రోజులు చూసి, నాలుగో రోజు స్క్రూడ్రైవర్ పట్టుకుని డబ్బా నేనే తెరిచాను. కరెంటు మోచేతి దాకా పాకింది కానీ మోటరు లేచింది. అప్పటినుంచి నాకొక పొగరు పట్టుకుంది. తీగ ఉన్నది ఏదైనా సరే, నా చేతిలో పడితే లేవక తప్పదని. చదువు సంగతి మాత్రం అడగకండి. సంతకం వస్తుంది, బస్సు ముందు ఊరి పేరు చదవడం వస్తుంది. మిగతా అక్షరాలన్నీ నా బిడ్డ మౌనిక వాటాకు పోయాయి. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ అదే. చెప్పింది రాయకుండా మధ్యమధ్య నవ్వలేక పొట్ట పట్టుకుని వంగిపోతోంది.

మౌనిక గండిపేట దగ్గర ఇంజినీరింగు ఆఖరి ఏడాది చదువుతుండగా జరిగింది ఇది. అది నెలల తరబడి తిప్పలు పడి ఒక ప్రాజెక్టు చేసింది. పూలమడిలో ఒక పుల్ల గుచ్చితే, నేల ఎండిందో తడిగా ఉందో ల్యాప్‌టాప్‌లో కనబడుతుంది. నేను చూపుడువేలు గుచ్చి చెప్పేదీ అదే. కాకపోతే నా వేలికి మార్కులు వేయరట. దసరా మరునాడు మధ్యాహ్నం రెండింటికి దాన్ని సార్ల ముందు నడిపి చూపించాలి. చూపించలేకపోతే చదువు ఆరు నెలలు వెనక్కి. ఆ ప్రాజెక్టంతా ల్యాప్‌టాప్ కడుపులో, హార్డ్ డిస్క్ అనే అరలో ఉంది. ల్యాప్‌టాప్ కొత్తదేం కాదు. ఎవరో వాడి వదిలేసినది కొన్నాం.

దసరా నాడు మాకు ఆయుధ పూజ. కొడవలి, పార, మందు కొట్టే పంపు, తక్కెడ, స్టార్టరు డబ్బా అన్నీ కడిగి వరసగా పెట్టి బొట్లు పెడుతున్నాను. మా ఆడపడుచు చూసి మూతి తిప్పింది.

"గిదేంది వదినా, అన్న పోయినంక గూడ నువ్వే పెడ్తున్నవా బొట్లు?"

"పెట్టినామెకు మొగుడున్నడా లేడా అని పార అడుగుతదా? నా ఆయుధాలు, నేను పెట్టుకుంట," అన్నాను.

మౌనిక పెద్దల చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టడానికి చుట్టాలిళ్లకు పోయింది. దాని ల్యాప్‌టాప్ బల్ల మీద దిక్కులేనిదాని లాగా పడి ఉంది. పిల్ల ఆయుధం అదే కదా, పండగ పూట దాన్ని అట్లా వదిలేస్తానా? తడిగుడ్డతో ముఖం కడిగినట్టు తుడిచాను. పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందర బెల్లం ముక్క ఉంచాను. బెల్లం పెట్టానో లేదో ఒక చీమ వచ్చింది. చీమ ఎటు పోతుందా అని చూస్తే, ల్యాప్‌టాప్ పక్కన నోరు తెరుచుకుని ఒక రంధ్రం కనబడింది.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. డ్రిప్పు పైపులతో పూలు పండించేవాళ్లకు తెరిచి ఉన్న రంధ్రాన్ని చూస్తే చేయి ఊరుకోదు. పైపు చివర మూత లేకపోతే మట్టి దూరుతుంది, చీమలు దూరుతాయి, మొక్కకు చుక్క నీరు పోదు. ఏ మడికి పోయినా నా కళ్లు ముందు పైపు చివరనే చూస్తాయి. ల్యాప్‌టాప్‌కు అవతలి పక్క చూస్తే, అక్కడి రంధ్రానికి గోరంత నల్ల బిళ్ల ముందే పెట్టి ఉంది. "ఒకదానికి మూత పెట్టి రెండోది మరిచింది పిచ్చిది" అనుకుని సొరుగు తీశాను. అచ్చం అట్లాంటిదే ఇంకోటి దొరికింది. నొక్కాను. టక్కుమని కూర్చుంది, కొలిచి చేసినట్టు. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను.

తెల్లారి కేక వినపడింది.

"అమ్మా! ఇది లేస్తలేదు!"

పోయి చూస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, స్లేటు మీద రాసినట్టు.

"లైటు ఎలుగుతున్నది గద బిడ్డా."

"లైటు ఎలుగుతది, గంతే. లోపలి నుంచి ఏం వస్తలేదు. మొదలుపెట్టేందుకు ఏం దొర్కలేదని రాస్తున్నది. హార్డ్ డిస్క్ పోయినట్టున్నదమ్మా!" అంటూనే కీల మీద వేలు పెట్టి చూసింది. "గీ పసుపేంది?"

"పూజ చేసిన."

"నీళ్లు తగిలినయా?"

"పూజల నీళ్లెందుకు తగుల్తయ్?" అన్నాను. ఆ తడిగుడ్డ దండెం మీద నుంచి నన్నే చూస్తున్నట్టనిపించింది.

"పోనీ, ఇంకోదాంట్ల ఎక్కించుకోలేదా?" అని మాట మార్చాను.

"పెన్ డ్రైవ్‌ల ఒక కాపీ ఉన్నది. అది గూడ కనిపిస్తలేదు! రెండూ ఒక్కసారే పోతయా?" అని పిల్ల నేల మీద కూలబడింది.

దాని పెన్ డ్రైవ్ నాకు బాగా తెలుసు. వేలెడంత పొడుగు, వెండి రంగు, ఎర్రతాడు. ఆ ఎర్రతాడు కోసం మంచం కింద పాకాను, పరుపు దులిపాను, పూలగంప బోర్లించాను. దొరకలేదు. అప్పుడు కొంగు బిగించాను.

"నువ్వు కాలేజికి పో. సార్లకు జర ఆగుమని చెప్పు. రెండింటి లోపల దీన్ని లేపుకొని నేను తెస్త."

"నువ్వా?"

"స్టార్టరు లేపలే?"

"ఇది స్టార్టర్ కాదమ్మా!"

"దానికీ కరెంటే, దీనికీ కరెంటే. నడువ్."

పిల్ల కళ్లు తుడుచుకుంటూ పోయింది. అది మలుపు తిరగ్గానే నేను ల్యాప్‌టాప్‌ను తీసుకుపోయి బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. ఫోన్ తడిస్తే బియ్యంలో పెడతారని విన్నాను. ఫోన్‌కు గిద్దెడు చాలితే దీనికి డబ్బాడు కావాలని లెక్క వేశాను. గంట తర్వాత తవ్వి తీసి, దులిపి, డాబా మీద మిరపకాయలు ఎండబెట్టినట్టు ఎండబెట్టాను. మీట నొక్కితే మళ్లీ అవే తెల్ల అక్షరాలు. మార్పల్లా కీల సందుల్లో నాలుగు బియ్యం గింజలు. ఇప్పుడది పసుపు, కుంకుమ, అక్షతలతో నిండు పెళ్లికూతురు.

మొయినాబాద్ పోతే కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి తాళం. పండగ మత్తు దిగలేదు. అయితే చేవెళ్ల అనుకుని బస్సెక్కాను. ల్యాప్‌టాప్‌కు దుమ్ము తగలకుండా తువ్వాలలో చుట్టి రొమ్ముకు హత్తుకుని కూర్చున్నాను.

పక్క సీటామె వంగి చూసి, "ఎన్ని నెలలవ్వా పిల్లకు?" అంది.

"నాలుగేండ్లు," అన్నాను. "పొద్దటి సంది ఉలుకు లేదు, పలుకు లేదు."

ఆమె దండం పెట్టి, పాపం, కిటికీ పక్క చోటు నాకిచ్చింది.

చేవెళ్లలో ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే సేటు దుకాణం పట్టాను. తాతల కాలంలో కిరాణా నడిపిన ఇల్లు అది. ఆ రోజు పది మంది మూగి ఉన్నారు. గంపలు మోసిన మోచేతులు నావి, దారి చేసుకుని ముందుకు పోయాను. సేటు నిలబడే తువ్వాల విప్పాడు.

"గిదేందవ్వా? ల్యాప్‌టాప్‌కు పెండ్లి చేసిన్రా?"

"ఆయుధ పూజ. లేస్తలేదు, జర చూడు సేటు."

"తడిగుడ్డతోని తుడిచినవా?"

దేవుడి ముందు అబద్ధం ఆడొచ్చేమో కానీ బాగుచేసేవాడి ముందు ఆడితే నష్టం. "తుడిచిన," అని ఒప్పుకున్నాను. ఇక అతనికి వేరే ఏదీ చూసే పని లేకపోయింది. మీట నొక్కి తెర వైపు అర నిమిషం చూశాడు.

"హార్డ్ డిస్క్ పోయింది. కొత్తది ఎయ్యాలె. నాలుగు రోజులైతది."

"మరి పాతదాంట్ల ఉన్నది?"

"పోయినట్టే."

"పోయిందంటే ఏడికి పోయింది? డబ్బా మూసే ఉన్నది, మర కూడా ఇప్పలే. రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"అవ్వా, నీకు ఎట్ల చెప్పాల్నో నాకు తెలుస్తలేదు. ఆశ ఇడిసిపెట్టు."

"నా బోరు పోయిందని గూడ గిట్లనే ఒకడు చెప్పిండు. ఇప్పటికీ నీళ్లు పోస్తున్నది," అని మళ్లీ తువ్వాల చుట్టి దిగాను. పైకి అన్నానే కానీ, సంగతి నాకు అర్థమైంది. ఆరు నెలలు పిల్ల నా తడిగుడ్డకు శిక్ష అనుభవించాలి. అది నన్ను ఒక్క మాట అనదు. అనకుండా ఉండటమే నేను ఓర్చుకోలేను.

అప్పుడు గుర్తొచ్చారు పద్మజ మేడం. గండిపేటలో గేటున్న ఇళ్ల కాలనీలో ఉంటారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, కంప్యూటర్ ఉద్యోగం ఇంట్లోంచే చేస్తారు. ప్రతి శుక్రవారం వాళ్లింటికి పూలు ఇచ్చేది నేనే. వచ్చిన దారినే మళ్లీ బస్సు పట్టాను.

"అంజమ్మగారూ, ఇవాళ శుక్రవారం కాదు కదండీ? పూలేవీ?"

"పూలు కాదు మేడం. ప్రాణం తెచ్చిన. రెండింటి లోపల లేవాలె."

బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. తడిగుడ్డ, బెల్లం, బియ్యం, సేటు, ఏదీ దాచలేదు. ఒక్క మూత సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, నేను చేసిన పనుల్లో తప్పు కానిది అదొక్కటే అని నా నమ్మకం.

ఆవిడ అక్షరాల కీలలో ఏదో ఒకటి నొక్కి పట్టుకుని, మీట నొక్కారు. ఈసారి నీలం తెర వచ్చింది.

"అంజమ్మగారూ, డిస్కు పోలేదండీ! ఇదిగో, పేరు కూడా కనిపిస్తోంది."

"మరి పేరున్నోడు పిలిస్తే ఎందుకు పల్కడు?"

"పిలవడం లేదండీ, అదే చిత్రం. ఇదివరకు ఎవరో బాగుచేసేటప్పుడు ఇది వెతికే వరస మార్చి వదిలేశారు. ఇది ముందు బయటినుంచి పెట్టినదాంట్లో వెతుకుతోంది. అక్కడేమీ దొరక్కపోతే అక్కడే ఆగిపోతోంది. సొంత డిస్కు దాకా రావట్లేదు."

"అంటే ఇంట్ల గిన్నె నిండ అన్నం పెట్టుకొని, పక్కింట్ల అడిగి, లేదంటే వాళ్ల గడపలనే అలిగి కూసున్నదా?"

"సరిగ్గా అంతేనండీ," అని నవ్వుతూ ల్యాప్‌టాప్‌ను పక్కకు తిప్పారు. నవ్వు ఆగింది. "ఇదేంటండీ ఇక్కడ?"

"అది మూత."

"మూతా?"

"నేనే పెట్టిన. చీమలు పోకుండ."

మేడం నా ముఖం చూశారు. మూతను చూశారు. మళ్లీ నా ముఖం చూశారు. రెండు వేళ్లతో దాన్ని పీకి, మీట నొక్కారు. రాగం అందుకున్నట్టు తెర వెలిగింది. మౌనిక పూలమడి ఫొటో, దాని మీద బొమ్మలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. నేను కన్నీళ్లు పెట్టుకున్నాను, మేడమూ పెట్టుకున్నారు. ఆవిడవి మాత్రం నవ్వు తెప్పించినవి. మాట్లాడలేక ఆ నల్ల బిళ్లను నా అరచేతిలో పెట్టి గుప్పిట మూసి, "ఇది మీ అమ్మాయికి జాగ్రత్తగా ఇవ్వండి" అని మాత్రం అనగలిగారు. ఎందుకో నేను అడగలేదు. టైము ఒకటిన్నర దాటింది.

కాలేజీ గేటు దగ్గర పిల్ల ఎండలో నిలబడి ఉంది. ముఖం బంతిపువ్వు వాడినట్టు ఉంది.

"లేచిందా?"

"లేపిన," అన్నాను, ఛాతీ విరుచుకుని. "సేటు చచ్చిందన్నడు. నేను ఇడిసిపెట్టలే."

"ఎట్లైందమ్మా? ఏం పోయిందంట?"

"ఏం పోలే. గీ మూత అడ్డమొచ్చిందంట," అని గుప్పిట తెరిచాను.

మౌనిక నా అరచేతిలోంచి ఆ బిళ్లను లాక్కుని తిప్పి చూసింది.

"అమ్మా… ఇది నీకు ఏడ దొరికింది?"

"సొరుగుల. అవతలి పక్క నువ్వొకటి పెట్టినవ్ గద."

"అది తీగ లేని మౌస్ బిళ్లమ్మా! పొద్దున ఇది చూసి గూడ మౌస్‌దే అనుకున్న. ఇది నా పెన్ డ్రైవ్!"

"ఎర్రతాడేది?"

"ఆ ఎర్రతాడుది ఎప్పుడో ఖరాబైంది. ఇది కొత్తది. ప్రాజెక్టు కాపీ మొత్తం దీంట్లనే ఉన్నది!"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినామె ఒకతె ఉన్నదని మీరు వినే ఉంటారు. ఆమె పాపం ఒక్క ఊరే వెతికింది. నేను ఒక చంకలోనే రోగాన్నీ మందునూ కలిపి పెట్టుకుని, రెండు బస్సులు మారి, మొయినాబాద్, చేవెళ్ల, గండిపేట తిప్పాను. పొద్దున ఆ బిళ్లను ఒక్కసారి పీకి ఉంటే ల్యాప్‌టాప్ లేచేది. లేవకపోయినా ఆ బిళ్లే ప్రాజెక్టును కాపాడేది. రెండు దారులకూ నేనే మూత పెట్టాను.

పిల్ల ఏడవబోయింది, నవ్వు వచ్చింది, టైము చూసుకుని పరిగెత్తింది. ప్రాజెక్టు నడిచింది. కీల సందుల్లో బియ్యం గింజలు చూసి ఒక సారు, "ఇవేంటమ్మా?" అని అడిగారట. "అక్షతలు సార్, మా అమ్మ ఆశీర్వాదం," అన్నదట నా బిడ్డ. మార్కులు బాగానే వేశారు. అందులో నా బియ్యానికి ఎన్నో తెలియదు.

కాబట్టి పెద్దలారా, నా స్టార్టరు డబ్బా సాక్షిగా, నాలుగు మడుల డ్రిప్పు పైపుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా పైపు కానిదానికి ఇక ఈ జన్మలో మూత పెట్టను. చీమ దూరినా, పాము దూరినా, ఆ రంధ్రం సంగతి ఆ రంధ్రమే చూసుకోవాలి. మా మౌనిక మాత్రం, మూత పెట్టాల్సినది ఇంట్లో ఇంకొకటి మిగిలి ఉందని, అది నా నోరని అంటుంది. నిజమే కావచ్చు. కానీ మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఏ దుకాణంలోనూ ఆ సైజు దొరకడం లేదు.