నోలా ఇంటి చీటీలు

నోలా ప్రిచర్డ్ ఇంట్లో తిరగాలంటే చదువు రావాలి. గుమ్మం తలుపు మీదే మొదటి చీటీ: "గట్టిగా తోయి. ఇంకా గట్టిగా. ఆ." హాల్లో కిటికీకి ఇంకొకటి: "తెరవకు. తెరిస్తే మూయడానికి రాన్ కావాలి. రాన్ చచ్చిపోయాడు." స్నానాల గదిలో: "ఎడమకి తిప్పితే చన్నీళ్ళు. కుడికి తిప్పితే ప్లంబరు." హాలు నేల మీద: "ఇక్కడ తొక్కకు. కింద అద్దెకున్న అమ్మాయి నెత్తిన పడతావు."

ఆ అమ్మాయిని నేనే. ఆస్ట్రేలియాలో మా ఇప్స్‌విచ్‌లో పాత కొయ్య ఇళ్ళు మనిషెత్తు కొయ్య దిమ్మల మీద నిలబడి ఉంటాయి. కింద ఖాళీకి పలకలు కొట్టి నాలాంటి విద్యార్థులకు అద్దెకిస్తారు. నా గది మూలన ఒక దిమ్మను చెదలు పూర్తిగా తినేశాయి. ఇంటి ఆ మూలంతా పాత కారు జాకీ మీద ఆగి ఉండేది. దాని చీటీ: "ముట్టుకుంటే ఇద్దరం పోతాం."

నోలా ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. ప్రతి దుప్పటికీ అది ఏ వార్డుదో, దాని మీద ఏం మరకో రాసి చీటీ కట్టడం ఆమె పని. "చీటీ లేని దుప్పటిని ఎవడూ నమ్మడు పిల్లా. అది రక్తమో పళ్ళ జామో ఎవడికి తెలుసు?" అనేది. ఉద్యోగం మానినా చెయ్యి ఆగలేదు. ఇల్లు ఒక్కో చోట చెడిపోతుంటే ఒక్కో చీటీ అతికించింది. బాగుచేయడానికి మొగుడు రాన్‌కు బద్ధకం. రాన్ పోయాక, నిచ్చెన ఎక్కే మోకాళ్ళు ఆమెకు మిగల్లేదు.

డెబ్భై ఆరేళ్ళు వచ్చేసరికి ముందున్న పద్నాలుగు మెట్లూ ఆమెకు శత్రువులయ్యాయి. కూర్చుని, ఒక్కో మెట్టూ జారుతూ దిగేది. "దిగడానికి పావుగంట. ఎక్కడానికి ఒక దేవుడు," అనేది. రెడ్‌క్లిఫ్‌లో సముద్రం పక్కన, ఆమె స్నేహితురాలు షర్ల్ ఉండే చోట, పక్క వాటా ఖాళీ అయింది. ఒక్క మెట్టు కూడా లేని వాటా. జూన్ ఆఖరు దాకా మాత్రమే ఆపుతామన్నారు. ఆ లోపల ఈ ఇల్లు అమ్ముడుపోవాలి.

అమ్మిపెట్టడానికి వచ్చినవాడు డామియన్. గోల్డ్ కోస్ట్ నుంచి ఈ ఊరికొచ్చి నాలుగు నెలలు. అతని బూట్లలో మొహం చూసుకోవచ్చు.

"నోలా, ఈ చీటీలన్నీ తీసేయాలి. కొనేవాళ్ళు భయపడతారు."

"భయపడాలనే పెట్టాను బాబూ."

అయినా తీసేశాడు. చీటీలన్నీ బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళాయి. నేలలో పుచ్చిన పలక మీద తివాచీ పరిచాడు. బల్ల మీద గిన్నెడు నిమ్మకాయలు పెట్టాడు. అన్నిటికంటే ఘోరం, ముందు మెట్లకు తెల్లరంగు కొట్టించాడు. కింది నుంచి పదో మెట్టు మీద రాన్ చాకుతో చెక్కిన గీత ఉండేది: "2011. ఇక్కడిదాకా." ఆ ఏడు వరద వచ్చినప్పుడు రాన్ పైన కూర్చుని బీరు తాగుతూ నీళ్ళు ఎక్కడ ఆగుతాయో చూశాడు. గుర్తుకని చెక్కాడు.

"వరద మాట ఎత్తితే ఎవరూ కొనరు," అన్నాడు డామియన్.

మా ఊళ్ళో ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు వంటగది చూడరు. గీత చూస్తారు. మెట్టు మీదో, దిమ్మ మీదో, గోడ మీదో ఎక్కడో ఒకచోట ఉంటుందది. శనివారం అరగంట ఇల్లు తెరిచి ఉంచితే పద్దెనిమిదిమంది వచ్చారు. వాళ్ళలో పన్నెండుమంది ఇరుగుపొరుగే; నోలా స్నానాల గది చూడాలని పాతికేళ్ళుగా కాచుకున్నవాళ్ళు. మిగిలినవాళ్ళలో టోపీ పెట్టుకున్న ముసలాయన మెట్లు తడిమి అడిగాడు: "గీత ఏదోయ్?"

"ఏ గీతండీ?" అన్నాడు డామియన్, పళ్ళన్నీ చూపిస్తూ.

ముసలాయన కొత్త రంగు వైపు చూశాడు. తలెత్తి కప్పు వైపు చూశాడు. ఈల వేశాడు. "అయితే కప్పు దాకా అన్నమాట."

మాట గేటు చేరేసరికి ఇంకా పెరిగింది. "పొగగొట్టం ఒక్కటే కనిపించిందట పాపం," అంది ఒకావిడ. అందరూ బయటికి కదిలారు. వాళ్ళను ఆపడానికి డామియన్ హాల్లోంచి పరిగెత్తాడు, తివాచీ మీదుగా.

నేను కింద చదువుకుంటున్నాను. ఫెళ్ళుమంది. నా పుస్తకం మీద దుమ్ము, దాని పైన గాల్లో ఒక మెరిసే బూటు, ఎర్ర కొంగల బొమ్మలున్న మేజోడు. "సారీ," అని ఎక్కణ్ణుంచో వినిపించింది. తర్వాత నోలా గొంతు: "అక్కడ చీటీ ఉండేది బాబూ."

వారంలో వేలం. అప్పటిదాకా ఒక్కరూ బేరానికి రాలేదు. షర్ల్ ఫోన్ చేసింది: ఇంకో ముసలావిడ టేపు పట్టుకొచ్చి పక్క వాటా కిటికీలు కొలుచుకుని వెళ్ళిందట.

వేలం రోజు పొద్దున్నే నోలా రొట్టె కోసే చాకు పట్టుకుని పై మెట్టు మీద కూర్చుంది. జారుతూ, గీకుతూ, తిడుతూ నాలుగు మెట్లు దిగి రాన్ గీతను బయటికి తీసింది. ఆ తర్వాత లేవలేకపోయింది. అక్కణ్ణుంచే అరుస్తుంటే నేను డబ్బాలో చీటీలన్నీ ఎక్కడివక్కడ అతికించాను. జనం వచ్చేసరికి ఆమె ఆ మెట్టు మీదే ఉంది, తనే ఒక చీటీలా.

డామియన్ మొహం మెట్ల రంగులోకి మారింది.

టోపీ ముసలాయన వంగి గీత చూశాడు. "ఇక్కడేనా? నేల తడవలేదా?"

"రాన్ చెప్పులు తడిశాయి. బీరు తడవలేదు."

"ఒరేయ్, కప్పు కాదు! పదో మెట్టే!" అని ఆయన గేటు వైపు కేకేశాడు.

ఫెలెటి అనే టోంగా దీవుల వడ్రంగి తన తల్లి సేలాను తీసుకొచ్చాడు. ఆవిడ కుళాయి చీటీ చదివి నవ్వలేక తొట్టి అంచున కూలబడింది. అతను నా గదిలో మూల దాకా పాకి, చెదలు చూసి, మోకాళ్ళు దులుపుకుంటూ నోలా దగ్గరికొచ్చాడు.

"జాకీ ఇంటితో పాటు వస్తుందా ఆంటీ?"

"ఇల్లే జాకీతో పాటు వస్తుంది నాయనా."

నల్ల కళ్ళద్దాల మనిషొకడు ఇల్లు కూలగొట్టి స్థలం వాడుకోవాలని చెయ్యెత్తుతూ వచ్చాడు. ఫెలెటి కూడా ఎత్తుతూ పోయాడు. అడుగడుక్కీ తల్లి వైపు చూసేవాడు. ఆవిడ మోచేత్తో పొడిచేది. ఇంతకు తక్కువైతే అమ్మనని నోలా డామియన్‌కు మడిచి ఇచ్చిన కాగితంలోని అంకెను బేరం దాటింది. ఆ తర్వాత కళ్ళద్దాలాయన తల అడ్డంగా ఊపాడు. సుత్తి పడింది. నోలాను పైకి లేపడానికి కొన్నవాడే వచ్చాడు.

"చీటీలు పీకకండి," అన్నాడు. "ఒక్కోటీ బాగుచేశాక పోస్టులో పంపుతాను."

పంపుతున్నాడు. రాన్ పేరున్న కిటికీ చీటీ వచ్చిన రోజు మాత్రం నోలా బయటికి రాలేదని షర్ల్ చెప్పింది.

పోయిన నెల రెడ్‌క్లిఫ్ వెళ్ళాను. నోలా వాటాలో ఏ తలుపైనా వేలితో తోస్తే తెరుచుకుంటుంది. పాపం, ఆమెకు రాయడానికి ఏమీ దొరకలేదు. పక్కన చెవిటి షర్ల్ తలుపు మీద మాత్రం పాత చీటీ ఒకటి, ఒక్క మాట మార్చి రాసి అతికించి ఉంది: "గట్టిగా కొట్టు. ఇంకా గట్టిగా. ఆ."

కొట్టాను.

"తలుపు విరగ్గొడతావా ఏంటి?" అని లోపల్నుంచి షర్ల్ అరిచింది.